ఉపవాసమున్న త్రాచు

అయిత్ ఊమ్‌గార్,
షాబాన్ నెల మూడవ రోజు

తమ్ముడు బిహీకి,

సలాం. నీ క్షేమం అడగను. నీవు క్షేమంగానే ఉంటావు. నీ చేతిలో పడినవాటికే క్షేమం ఉండదు.

పోయిన ఏడు చలికాలం ముందు నీవు తిప్పి పంపిన త్రాచును నేను మరచిపోయానని అనుకుంటున్నావేమో. పెట్టెలో చేయి పెట్టగానే నా వేళ్ళకు తగిలింది పాము కాదు, పూసలు గుచ్చిన దారం. వెన్నెముక గంట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగాను. దానిని తన బొరియ ముందు దించితే, లోపలికి పోయే ఓపిక కూడా లేక, ముఖం నేలకు ఆనించి అక్కడే పడుకుంది. మరునాటికి చీమలు పట్టాయి. ఆ బొరియ ముందు నిలబడి మాట ఇచ్చినవాడిని నేను. నా మాటను చీమలు తింటుండగా చూడవలసి వచ్చింది.

తాతగారి నుంచి మనకు దిగివచ్చిన ఆ మాటను ఈ వయసులో నీకు మళ్ళీ చెప్పవలసి రావడం నాకే సిగ్గుగా ఉంది. ‘ఒక్క వేసవి మాతో ఉండు. నీకు ఆకలి తెలియనీయము. నీ నోరు కుట్టము, నీ కోర పెరకము. చలి రాకముందే నిన్ను నీ గడపకు చేర్చుతాము.’ ఇది చెప్పిన తరువాతనే చేయి చాపుతాము. గుడ్లు కట్టే నెలల్లో ఆడ త్రాచును అసలు పిలవము. ఆ నెలల్లో దానికి మనకన్న పెద్ద పని ఉంటుంది. మర్రాకేష్ చౌకులో పాములాడించే తక్కినవారు సూదీ దారంతో నోళ్ళు కుట్టి, మూడు నాలుగు వారాలకొక పామును చెత్తలో పారవేస్తున్నారంటే, అది వారి లెక్క, వారి దేవుడి లెక్క. నీకు ఆ చౌకులో డప్పు పట్టుకుని కూర్చునే హక్కు వచ్చింది మాత్రం ఈ మాట వల్లనే.

ఈసారి ఒక్కటే పంపుతున్నాను. గురువారపు బస్సులో, డ్రైవరు కాళ్ళ దగ్గర పెట్టె ఉంటుంది. నల్ల త్రాచు, మగది, నా బారకన్న పొడుగు. ఏటి ఒడ్డున పెరిగినది కనుక కప్పే దాని అన్నం. ఎలుకను చూస్తే తల తిప్పుకునేది. చచ్చిన ఎలుకను కప్ప చర్మానికి రుద్ది అందించాను. వారం వారం ఆ రుద్దడం తగ్గించాను. నలభై రోజులకు ఉత్త ఎలుకనే తీసుకుంటున్నది. ఆ నలభై రోజులను నీవు నాలుగు రోజుల్లో పాడుచేయకు.

ఎనిమిది రోజులకొకసారి పెట్టు. ఎలుక దాని నడుముకన్న లావుగా ఉండకూడదు. బతికిన ఎలుకను పెట్టెలో వదలకు. పాముకు ఆకలి లేకపోతే ఎలుకే పామును కొరుకుతుంది. తిన్న నాలుగు రోజులు ముట్టుకోకు, చౌకుకు తీసుకుపోకు. కుదిపితే కక్కుతుంది, కక్కిన పాము మళ్ళీ తినడానికి నెల పడుతుంది. కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడితే కుబుసం వస్తున్నదని అర్థం. అది విడిచేదాకా తిండీ వద్దు, పనీ వద్దు. పెట్టెలో నీళ్ళ చిప్ప ఎప్పుడూ నిండుగా ఉండాలి. గడ్డి వారానికొకసారి మార్చు. పొలుసుల సందున పిడుదులున్నాయేమో చూడు.

ఇందులో ఒక్కటి తప్పినట్టు నా చెవిన పడినా, చౌకులో మన వర్గానికి పెద్ద అయిన ముఖద్దమ్ మాతీకి స్వయంగా రాస్తాను. ఆ తరువాత నీవు ఏ మూల కూర్చుని ఏమి వాయించుకుంటావో నీ ఇష్టం.

నీ అన్న,
ఫకీ తయ్యిబ్

*

మర్రాకేష్,
షాబాన్ ఇరవై

అన్నా,

రాసేది నేను కాదు, చౌకులో గొడుగు కింద కూచునే రాతగాడు అబ్బాస్. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నా. తిట్లు వదిలేస్తే ఇంకో గొడుగు కిందికి పోతానన్నా.

ముందు పోయినేటి సంగతి. నేను నలభై రోజులు జ్వరంతో మంచం దిగలేదు. ఇజ్జా నా నోట్లో గంజి పొయ్యాలా, పెట్టెల్లో ఎలుకలెయ్యాలా? పెళ్ళాం ఒక్కతి, చేతులు రెండు. ఆ పాము చిక్కిందని నువ్వు రెండు పేజీలు రాశావు. నేను చిక్కానని ఎవడైనా రెండు ముక్కలు రాశాడా? బతికున్నావా తమ్ముడూ అని అడిగావా? నాకూ వెన్నెముక ఉంది, వచ్చి లెక్కపెట్టుకో.

ఇప్పుడు నీ మగ మహారాజు సంగతి. బస్సు దిగిన రోజు ఒక ఎలుక తిన్నాడు. అంతే. ఎనిమిదో రోజు పెట్టా, మొహం తిప్పుకున్నాడు. పదో రోజు పెట్టా, బుస కొట్టాడు. నిన్న పెడితే ఎలుక మీద నుంచి పాక్కుంటూ పోయి నీళ్ళ చిప్పలో చుట్టుకు పడుకున్నాడు. కళ్ళు తెల్లబడలేదు, పిడుదుల్లేవు, కక్కలేదు, నోట్లో పుండు లేదు. తిండి లేదన్న మాటేగానీ నడుము మాత్రం తగ్గలేదు. ఇజ్జా అయితే ‘వీడు మీ అన్నలాగే, కోపం తిని బతుకుతున్నాడు’ అంటోంది.

పక్కన పింజర పాముల్ని ఆడిస్తూ కూచునే పింజరలోడు నన్ను చూసి నవ్వుతున్నాడు. ‘బిహీ, పాముకి ముద్దలు కలిపి పెడతావంట, జోల కూడా పాడతావా?’ అని. వాడి పాము నోటికి నాలుగు కుట్లు. వాడికి రాత్రి నిద్ర పడుతుంది. నాకు పట్టట్లేదు.

ఇంకోటి. నీ అక్షరాలేంటన్నా, చిక్కుడు గింజలంత రాస్తున్నావు? ఒక కాయితానికి పది వరసలే పట్టినయ్. అబ్బాస్ కళ్ళద్దాలు తీసేసి చదివాడు.

ఏం చెయ్యాలో చెప్పు. తిట్టడం తర్వాత.

బిహీ

*

అయిత్ ఊమ్‌గార్,
షాబాన్ ఇరవై ఏడు

బిహీకి,

అక్షరం పెద్దదిగా రాస్తేనైనా నీ తలకెక్కుతుందని రాస్తున్నాను. నా చేతివ్రాత గురించి చౌకులో కూర్చునే రాతగాడి అభిప్రాయం నాకు అక్కరలేదు.

నీ జ్వరం నాకు తెలియదు. తెలియజేయనివాడు తెలియలేదని నిందించకూడదు. ఆ విషయం అంతటితో సరి.

పాము తినడం లేదంటే నీ చేతిలో దోషం ఉన్నది. రోజుకు ఎన్నిసార్లు పెట్టె మూత తీస్తున్నావు? ఎంతమంది చేత ముట్టిస్తున్నావు? మిద్దె మీద ఎండలో పెడుతున్నావా? నా దగ్గర నలభై రోజులు మచ్చికగా తిన్న జీవి నీ దగ్గరికి రాగానే సన్యాసం పుచ్చుకుంటుందా? మగ త్రాచు ఈ ఋతువులో తిండి మానదు. మానితే భయం వల్ల మానుతుంది, లేదా బాధ వల్ల మానుతుంది. రెండింటికీ కారణం పెంచేవాడే.

ఊరి బయట కాలువకు పో. బతికిన కప్పను తెచ్చి, ఎలుకను దానికి రుద్ది, పొడుగు పటకారుతో ముక్కు ముందు కదలకుండా పట్టుకో. తీసుకోకపోతే పక్కన పెట్టి, పెట్టెమీద గుడ్డ కప్పి, ఆ గదిలోంచి బయటికి పో. నీ ముఖం చూస్తూ ఏ ప్రాణికీ ముద్ద దిగదు.

అప్పటికీ తినకపోతే కప్పనే పెట్టు. ఏది జరిగినా వెంటనే రాయి. దాచకు.

తయ్యిబ్

*

మర్రాకేష్,
రంజాన్ తొమ్మిది

అన్నా,

కాలువకి పోయా. ఈ ఎండలో, నోట్లో చుక్క నీళ్ళు లేకుండా, మోకాలి లోతు బురదలో కప్ప కోసం దేవులాడా. చూసినవాళ్ళు ఇఫ్తార్‌కి కప్పలు పడుతున్నానని నవ్వారు. రుద్దా, పటకారుతో పట్టా, గుడ్డ కప్పా, బయటికి పోయా. తినలేదు. కప్పనే పెట్టా. తినలేదు.

అయితే ఒక మంచి జరిగింది, విను.

రంజాన్ రెండో రోజు అసర్ నమాజ్ తర్వాత చౌకులో డప్పేసి కూచున్నా. దాని ముందు ఎలుక పెట్టి అందరికీ చూపించా, ముట్టలేదు. ఒక ముసలమ్మ అడిగింది: ‘ఏమయ్యా బిహీ, నీ పాము ఉపవాసమా?’

‘అవునమ్మా, నీ కోడలికన్నా గట్టిగా ఉంటోంది’ అన్నా.

అంతే, చౌకు చౌకంతా మన చుట్టూ చేరింది. మర్నాటికి ఊళ్ళో పాకిపోయింది, బిహీ త్రాచు రోజా ఉంటోందని. పింజరలోడి ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు. సాయంత్రం ఉపవాసం విప్పే ఫిరంగి పేలే వేళకి ఆడాళ్ళు ఖర్జూరాలు, పాలు పట్టుకొస్తున్నారు, పాము చేత ఇఫ్తార్ చేయించమని. పాలు ముట్టదు, నీళ్ళు తాగుతుంది. నీళ్ళు తాగితే చాలు, ‘చూశారా, ఉపవాసం విప్పింది!’ అని ఒకటే సలాములు. ఒకావిడ ఏడ్చేసింది.

నేనూ ఆలోచించా. మన వర్గాన్ని నిలబెట్టిన గురువుగారి బిడ్డల చేతిలో ఉన్న పాముకి ఆ మాత్రం భక్తి ఉండదా? అందుకని తిండి చూపించడం మానేశా. నెలపొడుపు కనపడగానే పెడతా. పుణ్యాత్ముడి వ్రతం చెడగొట్టడం ఎందుకు?

ఈసారైనా ఒక మంచి మాట రాయి.

బిహీ

*

అయిత్ ఊమ్‌గార్,
రంజాన్ పద్నాలుగు

బిహీకి,

నీ మీద ఒక పద్యం మొదలుపెట్టాను. మొదటి పాదంలోనే కోపం ఛందస్సును దాటిపోయింది. చించివేసి వచనంలో రాస్తున్నాను.

ఉపవాసం ఎవరికి విధి? బుద్ధి వికసించినవాడికి, ఒళ్ళు బాగున్నవాడికి, ఇంటిపట్టున ఉన్నవాడికి. రోగికి లేదు, బాటసారికి లేదు, పాలిచ్చే తల్లికి లేదు. నీ పాముకు ఎవరు విధించారు? తెల్లవారకముందు అది సంకల్పం చెప్పుకున్నదా? ఏ భాషలో చెప్పుకున్నది? నీకు వినిపించిందా? నలభై ఏళ్ళు ఊరి ఫకీగా పిల్లలకు ధర్మం బోధించినవాడి తమ్ముడివి నీవు. ఆకలితో మాడుతున్న జంతువును భక్తురాళ్ళ ముందు పెట్టి, దాని నీరసాన్ని మహిమగా ప్రదర్శిస్తున్నావు. నోరు కుట్టినవాడు నీకన్న నయం. వాడు దారంతో కుట్టాడు. నీవు దేవుడి పేరుతో కుట్టావు.

చిన్నప్పుడు అమ్మ మనిద్దరినీ కూర్చోబెట్టి, పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన ఆడమనిషికి ఏ గతి పట్టిందో చెప్పినప్పుడు నీవే ఎక్కువ ఏడ్చావు. ఆ ఏడుపు ఎక్కడ పారేసుకున్నావు? బంధించినవాడు పెట్టాలి, లేదా వదిలి నేలమీద దొరికింది తిననివ్వాలి. మూడో దారి లేదు. నీవు మూడో దారి కనిపెట్టి, దానికి ఖర్జూరాలు కూడా పంచుతున్నావు.

చెప్పినట్టే చేశాను. ఈ ఉత్తరం తెచ్చే బస్సులోనే ముఖద్దమ్ మాతీకి కూడా ఒకటి వస్తున్నది. పోయిన ఏటి చావు, ఈ ఏటి బూటకం, రెండూ వివరంగా రాశాను. మన మాట తప్పినవాడు మన డప్పు పట్టకూడదని, నా ఉత్తరాన్ని జనం చుట్టూ చేరే వలయం మధ్యలో అందరి ముందూ చదివించమని కోరాను.

దీనికి జవాబు నాకు అక్కరలేదు. పామును తిప్పి పంపు.

తయ్యిబ్

*

మర్రాకేష్,
రంజాన్ ఇరవై రెండు

ఫకీ తయ్యిబ్ గారికి,

అన్నా అని రాయమని అబ్బాస్ బతిమాలుతున్నాడు. వద్దన్నా.

పదిహేడో రోజు అసర్ తర్వాత ముఖద్దమ్ వచ్చాడు. నీ ఉత్తరం ఆయన కొడుకు చదివాడు. నీ భాష చాలా బాగుంది. అర్థం కానివాళ్ళకి పక్కవాళ్ళు చెప్పారు. పింజరలోడు కూడా విన్నాడు. ఖర్జూరాలు తెచ్చిన ముసలమ్మ విన్నది, విని నా కాళ్ళ దగ్గర ఉమ్మింది. ముఖద్దమ్ నా చేతిలోంచి డప్పు తీసుకున్నాడు. నాన్న డప్పు. ‘బిహీ, లే’ అన్నాడు. లేచా. ముప్పై రెండేళ్ళు కూచున్న చోటు, లేచేసరికి నేల మీద నా ఆకారం పడి ఉంది. వాళ్ళు దాని మీద నుంచి నడిచారు.

ఇంటికొచ్చా. మర్నాడు పొద్దున ఇజ్జా మిద్దె మీద నుంచి కేకేసింది. ‘ఏమయ్యా, మీ అన్న మగ పాము ఏం చేసిందో వచ్చి చూడు!’

గుడ్లు. పద్నాలుగు. తెల్లగా, ఖర్జూరమంత పొడుగ్గా, ఒకదానికొకటి అతుక్కుని. నీ మగ మహారాజు వాటి చుట్టూ చుట్టుకుని నా మీదకి పడగ విప్పింది.

కడుపులో అంత బరువు పెట్టుకున్నది ఎట్లా తింటుంది? ఇజ్జా కూడా పిల్లల్ని కన్నది, ఆఖరి నెలలో ముద్ద దిగేది కాదు. నాకు తట్టలేదు, ఎందుకంటే నువ్వు మగది అన్నావు. నువ్వంటే నువ్వే. తోక చూసి చెప్పడం నాకు నేర్పింది నువ్వు. నీ మాట మీద మళ్ళీ తోక తిప్పి చూడటం తప్పనుకున్నా. గుడ్ల నెలలో ఆడదాన్ని పట్టింది నువ్వు. మాట తప్పింది నువ్వు. డప్పు పోయింది నాది.

నేను చేసిన తప్పు లేదనను. ఉపవాసం అని ఆట కట్టా, తిండి చూపించడం మానేశా. అది నాదే. కానీ కాలువలో కప్పలు పట్టినవాడిని నేను. ఒక్కసారి, ఒక్కసారి ‘ఆడదేమో చూడు’ అని రాసి ఉంటే?

గుడ్లు పెట్టిన మూడో రోజు రెండు ఎలుకలు తిన్నది. రుద్దక్కర్లేదు, పటకారక్కర్లేదు. నా చేతి ముందు నుంచే తీసుకుంది. నా మొహం చూస్తూనే తిన్నది.

పామును పంపను. గుడ్లని ఎక్కడికీ కదపను. ఇంక నాకు రాయొద్దు.

బిహీ

*

అయిత్ ఊమ్‌గార్,
షవ్వాల్ నాలుగు

తమ్ముడికి,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. ఇది మసీదు పక్క నేతగాడి చేత రాయిస్తున్నాను. నా అక్షరాలు ఎందుకు పెద్దవయ్యాయో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

రెండేళ్ళుగా నాకు చూపు పోతున్నది. మొదట పుస్తకంలో వరుసలు కలిసిపోయాయి. తరువాత ముఖాలు. ఇప్పుడు వెలుగు, చీకటి, వాటి మధ్య కదిలేవి మాత్రం తెలుస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. నమాజ్ కంఠతా చేయిస్తాను కనుక ఊరికి తెలియలేదు. పిల్లలు పలకలు చూపిస్తే, చదివి వినిపించమంటాను, నీ ఉత్తరాలనూ వారి చేతనే చదివిస్తాను, క్రమశిక్షణ అనుకుంటారు.

ఆ త్రాచు తోక కింది పొలుసులను వేలి కొనతో లెక్కించాను. మధ్యలో లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టలేదు. నిజం చెబుతున్నాను, వాసననూ చప్పుడునూ పట్టుకుని వెతికితే నాకు దొరికిన పాము ఆ ఒక్కటే. అది ఆడది అయితే వదిలివేయాలి. వదిలివేస్తే నీకు ఈ ఏడు పాము పంపలేనని, ఎందుకో కూడా చెప్పాలి. అందుకని మగది అన్నాను. అన్నదానిని నేనే నమ్మాను. నీవు తినడం లేదని రాసిన ప్రతిసారీ నా లోపల ఒక అనుమానం తల ఎత్తింది. దానిని అణచడానికే నీ మీద అంత గట్టిగా అరిచాను.

ఇంతకాలం నీ మీద చూపిన కోపం ఇప్పుడు ఎవరి మీద చూపాలో నాకు తెలుసు. వాడు నా చొక్కాలోనే ఉన్నాడు, తప్పించుకోలేడు.

కాగితం మీద నీ పరువు తీశాను. కాగితం మీద తిరిగి ఇవ్వలేను. పదవ తేదీ బస్సుకు వస్తున్నాను. అదే వేళకు, అదే చోట, అదే ముఖద్దమ్ ముందు నోటితో చెబుతాను.

గుడ్ల సంగతి విను. ఒక్కదానిని కూడా తిప్పకు. తిరిగితే లోపలి పిల్ల మునిగిపోతుంది. పై వైపున బొగ్గుతో చుక్క పెట్టు. చుట్టూ తడి ఇసుక ఉండాలి, పిండితే నీరు కారకూడదు. నేరుగా ఎండ తగలనీయకు. రెండు నెలలు పడుతుంది. పిల్లలు చీల్చుకుని వచ్చిన క్షణం నుంచే వాటికి విషం ఉంటుంది. ఇజ్జాకు చెప్పు, ముద్దు చేయవద్దని. మొదటి కుబుసం విడిచేదాకా ఏమీ తినవు. ఈసారి తినకపోతే ఎవరినీ తిట్టను.

తయ్యిబ్

*

మర్రాకేష్,
జుల్ ఖఅదా ఇరవై మూడు

అన్నా,

నువ్వొచ్చి వెళ్ళి నెల దాటింది. కోపం తగ్గాక రాద్దామనుకున్నా. తగ్గలేదు. సరే, అలాగే రాస్తున్నా.

నీకు కనపడలేదు కాబట్టి ఆ రోజు జరిగింది నేను చెప్పాలి. వలయం మధ్యలో నిలబడి నువ్వు నీ గ్రంథాల భాషలో మొదలుపెట్టావు. జనం వెళ్ళిపోబోయారు. అప్పుడు నేనే అరిచా, ‘మన మాటలో చెప్పవయ్యా!’ అని. అప్పుడు చెప్పావు, ‘నాకు చూపు లేదు. దాచాను. ఆ పామును నేనే పట్టకూడని నెలలో పట్టాను. నా తమ్ముడు దానికి కప్పలు వెతికాడు’ అని.

బాగా చెప్పావు. కానీ అన్నా, ముఖద్దమ్ నీ వెనకాల నిలబడి ఉన్నాడు. నువ్వు చేతులు కట్టుకుని, తల వంచి, అంతసేపూ చెప్పుకుంది నారింజ రసం బండికి.

ఎవరూ నవ్వలేదు. పింజరలోడు కూడా నవ్వలేదు. రసం అమ్మేవాడు గ్లాసు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు, తనకే చెబుతున్నావని. నిన్ను ఇటు తిప్పుదామని నేను ఒక అడుగు వేశా. ముఖద్దమ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయనే చుట్టూ తిరిగి వెళ్ళి ఆ బండి ముందు నిలబడ్డాడు. నువ్వు సగం మాటలో ఉన్నావు. నీకు తెలియనే లేదు.

నిన్ను బస్సెక్కించి వచ్చాక ముఖద్దమ్ డప్పు ఇచ్చాడు. ‘కూచో’ అన్నాడు. కూచున్నా. ముందు పాము లేదు. జనం ఏమయిందని అడిగితే, పురిటి మంచం మీద ఉందని చెప్పా.

పద్నాలుగింటిలో పదకొండు పిల్లలు. వేలంత లావు లేవుగానీ పడగలు అప్పుడే పెద్దాళ్ళలాగా. తొమ్మిది కుబుసం విడిచి చిన్న కప్పలు తిన్నాయి. రెండు మొండికేస్తున్నాయి, ఇజ్జా వాటి ముందు కూచుని బతిమాలుతోంది. తల్లి నడుము నా మణికట్టుకన్నా లావుంది. నువ్వు దానికిచ్చిన మాట ప్రకారం చలికి ముందే దాని గడపకి చేర్చాలి.

గురువారం బస్సుకి అందర్నీ తీసుకుని వస్తున్నా. ఆ బొరియ ఎక్కడుందో నీ కాళ్ళకి తెలుసు. దాని చుట్టూ ఏముందో నేను చూస్తా. పిల్లల్ని కూడా అక్కడే వదులుదాం. దారి పొడుగునా నిన్ను తిడతా, అడ్డం రాకు. రెండు నెలల తిట్ల బాకీ మిగిలి ఉంది.

బస్సు దగ్గర నువ్వు ఎటు తిరిగి నిలబడినా ఫరవాలేదు. నేనే నీ ముందుకొచ్చి నిలబడతా.

బిహీ